పైకప్పు కింద నాలుగు రోజులు

భయం ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. వాళ్ల నాన్న గోడలకి సున్నం వేసేవాడు కానీ, నిచ్చెన నాలుగో మెట్టు దాటి జన్మలో ఎక్కలేదు. అంతకు పైనున్న గోడకి కర్ర చివర బ్రష్షు కట్టి కింది నుంచే కొట్టేవాడు. జనం నవ్వితే, "నవ్వండి, నవ్వండి. నేను మాత్రం సాయంత్రం నా కాళ్ల మీద ఇంటికెళ్తాను" అనేవాడు. నిజంగానే చివరి రోజు దాకా తన కాళ్ల మీదే ఇంటికి చేరాడు. ఆ మహానుభావుడి కూతురే ఈ పూతక్క.

పూతక్క అన్నది పేరు కాదు, పని. స్నానాల గదుల్లో టైల్స్ పరిచే ముందు, నీళ్లు కిందికి దిగకుండా నేలకీ గోడల అడుగులకీ ఒక చిక్కటి పూత పూస్తారు. ఆ పూత ఆవిడ పూస్తుంది. దాని మీద టైల్స్ వేసేది ఆవిడ మొగుడు. ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. మేస్త్రి చేతిలో పనితనం ఉంది, అక్షరం ముక్క లేదు. అందుకని లైసెన్సు పరీక్ష పూతక్కే రాసింది. కార్డు మీద ఫొటో ఆవిడది, సంతకాలు ఆవిడవి. "పని నాది, భయం నీది. సగం సగం" అని మేస్త్రి వేళాకోళం ఆడేవాడు. కార్డు పోతే ఇద్దరికీ పని పోయినట్టే. అందుకే ఆవిడ ఆ కార్డుని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి దాచుకునేది.

ఇంటికి తాళం వేస్తే మూడుసార్లు లాగి చూడాలి. వీధి మలుపు దాకా వెళ్లాక ఇంకోసారి వెనక్కొచ్చి లాగాలి. పూత ఎవరైనా రెండు చేతులు, అంటే రెండు వరసలు, వేస్తే ఈవిడ మూడు వేసేది. ఆవిడ భయం గురించి ఎంత నవ్వుకున్నా, అప్పటిదాకా ఆవిడ పూసిన గది పన్నెండేళ్లలో ఒక్కటీ కారలేదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత నేను చెప్పబోయేది విని ఆవిడ పనిదొంగ అనుకుంటారేమోనని.

వీళ్లకి పని ఇచ్చేది ఒక కాంట్రాక్టరు. పాత ఇళ్లు బాగుచేయించడం ఆయన వ్యాపారం. ఇంటివాళ్లతో మాట్లాడేది ఆయన, ఒళ్లు వంచేది మాత్రం ఆయన కింద ఉన్న ప్లంబరూ, కరెంటు మనిషీ, వడ్రంగీ, వీళ్లిద్దరూ. ఏమడిగినా "సరే సరే" అంటాడు గనక ఆయనకి సరేసరే సారు అని పేరు పడిపోయింది. చెడ్డవాడని చెప్పలేను. వాన పడకముందే గొడుగు విప్పే రకం. కాకపోతే ఆ గొడుగు ఎప్పుడూ పక్కవాళ్లదే.

కొన్నేళ్ల కిందట ఒక మూడంతస్తుల ఇంట్లో, రెండో అంతస్తు వాళ్లకి పని పడింది. సామాను పడేసుకునే చిన్న గదిని స్నానాల గదిగా మార్చమన్నారు. ఇక్కడొక తిరకాసు ఉంది. మామూలుగా స్నానాల గది కింద స్నానాల గదే ఉంటుంది, కారినా బకెట్లో కారుతుంది. ఈ గది కింద మాత్రం మొదటి అంతస్తులో ఒక మనిషి పొద్దస్తమానం కూర్చునే గది ఉంది. ఆవిడ బట్టలు కుట్టే పెద్దావిడ. అరవై దాటాయి, ఎడమ మోకాలు వంగదు. కిటికీ వెలుతురు బాగా పడే చోట కుట్టుమిషను వేసుకుని, పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే చీకటి పడేదాకా లేవదు.

పూత ఆరాక గది గొట్టం మూతి బిగించి, నేల మీద నాలుగు వేళ్ల లోతున నీళ్లు నిలబెడతారు. నీళ్లు గోడకి తగిలే చోట పెన్సిలుతో గీత గీస్తారు. రెండు రోజుల తర్వాత నీళ్లు గీత మీదే ఉంటే పూత నిలిచినట్టు, దిగితే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. పూతక్క గీత గీసింది. మేస్త్రి ఆ రెండు రోజులూ అదే ఇంట్లో బాల్కనీకి టైల్స్ కోస్తున్నాడు. కోసే మిషనుకి నీళ్లు కావాలి, కోశాక బురదనీళ్లు మిగులుతాయి. బాల్కనీలోంచి పారబోస్తే కింద ఆరేసిన బట్టల మీద పడుతున్నాయని తగాదా అయింది. వంటింటి సింకులో పోస్తే ఇంటావిడ ఒప్పుకోలేదు. దాంతో ఇద్దరూ ఆ బకెట్లు తెచ్చి, నీళ్లు నిలబెట్టిన గదిలోనే ఒంపేశారు. నీళ్లలో నీళ్లే కదా!

ఇలాంటి తప్పు ఆ పని తెలియనివాళ్లు చెయ్యలేరు. పన్నెండేళ్లుగా చేస్తున్నవాళ్లకే చేతులు వాటంతటవే అలా పోతాయి. రెండు రోజులయ్యాక చూస్తే నీళ్లు గీత మీద గీతలా ఉన్నాయి. పూతక్క మోకాళ్ల మీద కూర్చుని మూడుసార్లు చూసి, మురిసిపోయి, "పరీక్ష సరిగ్గా ఉంది" అన్న కాగితం మీద సంతకం పెట్టింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున సరేసరే సారు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ కుట్టుమిషను ఆవిడ ఇంట్లో పైకప్పుకి చిన్న మచ్చ వచ్చిందట. ఒక తెల్లరంగు డబ్బా పంపిస్తున్నాను. రెండు చేతులు కొట్టేసి రా."

"మచ్చ ఎందుకొచ్చింది సారూ?"

"పాత ఇల్లు, పాత చెమ్మ. ఆవిడడిగినా అదే చెప్పు. సరే సరే, ఉంటా."

పూతక్క వెళ్లింది. పెద్దావిడ గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చి తలుపు తీసి, ముందు టీ ఇచ్చింది. "మిషను జరపమంటావా అమ్మాయ్? నాకు జరపడం కష్టం, బళ్లో పిల్లల బట్టలు నలభై జతలు ఈ వారానికే ఇవ్వాలి" అంది. మచ్చ సరిగ్గా ఆవిడ స్టూలు మీదుంది. పూతక్క మిషను పక్కన నిచ్చెన వేసుకుని ఎక్కింది. నాలుగో మెట్టు మీద ఆగింది.

బ్రష్షు ఆనించగానే పైకప్పు లోపలికి పోయింది. ఒక గోరు మందం, అంతే. కానీ శ్లాబు అడుగున మెత్తిన సిమెంటు గచ్చు అలా వెనక్కి పోకూడదు. ఆవిడ బ్రష్షు పిడితో మెల్లగా తట్టింది. డొల్ల. జానెడు ఇవతల తట్టింది. డొల్ల. కిటికీ దాకా తట్టుకుంటూ పోతే, ఒక తలుపు రెక్క అంత మేర గచ్చు శ్లాబుని వదిలేసి, రంగు పట్టుకున్నంత బలంతో వేలాడుతోంది. అంత పెచ్చు ఊడి పడితే మనిషి తల ఏమవుతుందో పూతక్కకి తెలుసు.

నిచ్చెన మీద నిలబడే ఆవిడ పై గదిని మనసులో గీసుకుంది. ఇక్కడ తలుపు, ఇక్కడ కుళాయి, ఈ మూల గొట్టం. మచ్చ మొదలైంది గొట్టం మూలనే. పరీక్షలో నీళ్లు అక్కడే దిగి ఉండాలి. మరి గీత ఎందుకు దిగలేదు? ఆ ప్రశ్న వేసుకున్న మరుక్షణం బకెట్లు గుర్తొచ్చాయి. ఎంత నీరు కిందికి దిగిందో అంత నీరూ వాళ్లిద్దరే మోసుకొచ్చి నింపారు.

"ఏమ్మాయ్, ఫర్వాలేదంటావా?" అని కింది నుంచి పెద్దావిడ అడిగింది.

"ఏం ఫర్వాలేదు పిన్నిగారూ. పాత చెమ్మ."

ఆ మాట ఎవరన్నారా అని పూతక్కే ఒకసారి అటూ ఇటూ చూసింది. తర్వాత, బ్రష్షు గట్టిగా ఆనించకుండా, పసిపిల్ల చెంపకి పౌడరు రాసినట్టు, రెండు చేతులూ రంగు వేసి దిగింది. పైకప్పు తెల్లగా, ముచ్చటగా కనిపించింది. పెద్దావిడ తలెత్తి చూసి సంతోషించి మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

మంగళవారం ఆవిడ సరేసరే సారుకి ఫోన్ చేసింది. "సారూ, అది మచ్చ కాదు. గచ్చంతా డొల్ల. పై గదిలోంచి నీళ్లు దిగుతున్నాయి. పడుతుంది."

సారు ఒకటే అడిగాడు. "ఎప్పుడు పడుతుంది?"

"అదెలా చెప్తాను? రేపు పడొచ్చు, ఆర్నెల్లకి పడొచ్చు."

"సరే సరే. ఆర్నెల్లంటే చాలా టైముంది. చూడక్కా, ఇందులో ప్లంబరున్నాడు, నువ్వున్నావు, నేనున్నాను. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ల నెత్తినే పడుతుంది. మన ఒప్పందంలో పదకొండో షరతు ఒకసారి చదువుకో."

చదువుకుంది. 'తడి పనిలో వచ్చే ఏ లోపానికైనా, ఎవరు చెప్పి చేయించినా, పూర్తి బాధ్యత పూత వేసినవారిదే.' కింద తన సంతకం, గుండ్రంగా, బడిపిల్ల సంతకంలా. అంత భయస్తురాలు ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టిందా అంటారా? చదివింది. మూడుసార్లు చదివింది. పెట్టకపోతే పని ఇవ్వరేమోనని ఇంకా ఎక్కువ భయపడి పెట్టింది.

ఆ రోజు నుంచి ఆవిడ పనికి వెళ్లే దారి మారిపోయింది. అటు వెళ్లాల్సిన అవసరం లేకపోయినా కుట్టుమిషను ఆవిడ ఇంటి ముందు నుంచే వెళ్లేది. ఎదురుగా చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి నిలబడేది. పైనుంచి మిషను చప్పుడు టకటకా వినబడేది. చప్పుడు వస్తోందంటే మనిషి బతికుంది. మధ్యలో ఆగితే పూతక్క ఊపిరి కూడా ఆగిపోయేది. దారం మార్చుకుని ఆవిడ మళ్లీ తొక్కితే అప్పుడు ఈవిడ నిటారుగా లేచేది. మనిషి తల మీద బండ ఉందని తెలిసి, ఆ మనిషి చప్పుడు వింటూ వీధిలో నిలబడటం కన్నా, వెళ్లి ఒక్క మాట చెప్పడం సులువు కాదూ? కాదు. భయపడేవాళ్లకి సులువైనవే కష్టం.

బుధవారం ఆవిడ లైసెన్సు కార్డులిచ్చే ఆఫీసుకి వెళ్లింది. కిటికీ వెనక కళ్లజోడు గుమస్తా ఉన్నాడు.

"మా చుట్టాలావిడకి ఒక సందేహం అండీ" అని మొదలుపెట్టింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. చుట్టాలావిడకి అంటూనే తన కార్డున్న సంచీని గుండెలకి అదుముకుంది. గుమస్తా అది చూశాడు, చూడనట్టు విన్నాడు.

"ఆ పదకొండో షరతు చెల్లదమ్మా" అన్నాడు చివరికి. "ఇదివరకు పని ఇచ్చిన కాంట్రాక్టరు తన తప్పు కూడా కింద చేసినవాళ్ల మీదకి తోసేసేవాడు. ఇప్పుడు కుదరదు. ఇంటివాళ్లకైనా, కింది ఇంటివాళ్లకైనా ముందు జవాబు చెప్పాల్సింది పెద్ద కాంట్రాక్టరే. మీ చుట్టాలావిడ తప్పు ఎంతుందో అంతవరకే ఆవిడ భరిస్తుంది."

పూతక్కకి రెండు రోజుల తర్వాత ఊపిరి ఆడింది. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే ఆయన ఇంకో మాట అన్నాడు.

"ఒకటి మాత్రం ఉంది. ప్రమాదం ఉందని తెలిసి దాచిపెడితే, దాచినవాళ్లకి ఈ రక్షణ ఏదీ వర్తించదు. తెలిసిన రోజే, లేదా మర్నాటికల్లా రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే కార్డు ఆపేస్తారు. ఆవిడకి ఎప్పుడు తెలిసింది?"

"ఈ మధ్యే" అంది పూతక్క.

గుమస్తా కళ్లజోడు తీసి ఆవిడ వైపు చూశాడు. ఒక ఫారం తీసి చేతిలో పెట్టాడు. "రాతకోతల సంగతి తర్వాత. ముందు ఆ గదిలో ఉన్న మనిషిని బయటికి రమ్మనండి."

మంచి మాటే. కానీ ఆవిడ చెవికి ఎక్కింది అది కాదు, 'మర్నాటికల్లా' అన్నది. మర్నాడు నిన్ననే అయిపోయింది. చెప్పకపోతే పైకప్పు, చెబితే కార్డు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫారం నాలుగు మడతలు పెట్టి కార్డున్న కవర్లోనే దోపుకుని ఇంటికొచ్చేసింది. ఆ పూట ఆవిడ చేసిన పని నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

గురువారం మొగుడికి చెప్పింది. మేస్త్రి ఏదో ఒక పరాచికం ఆడతాడనీ, ఆ నవ్వుతో తన భయం సగమవుతుందనీ ఆశపడింది. పన్నెండేళ్లుగా అలాగే నడిచింది. ఆయన అన్నం కంచం ముందు కూర్చుని అంతా విన్నాడు.

"బకెట్లు నేను కూడా పోశాను కదే" అన్నాడు.

"నువ్వూ పోశావు. నేనూ పోశాను."

"గీత దిగలేదని నేనే కదా నీకంటే ముందు సంబరపడ్డాను."

ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆడతాడనుకున్న పరాచికం రాలేదు. భయం తన వాటా అనుకుంది ఇన్నాళ్లూ, మేస్త్రి వాటా కూడా వచ్చేసరికి ఇంట్లో భయపడనివాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇద్దరూ ఏమీ తేల్చుకోలేక, తినకుండా లేచారు.

శుక్రవారం పొద్దున పదిగంటలకి ఆవిడ మళ్లీ ఆ ఇంటి ఎదురుగా వంగి చెప్పు సరిచేసుకుంది. మిషను చప్పుడు లేదు. దారం మార్చుకుంటోందేమో అనుకుంది. యాభై దాకా లెక్కపెట్టింది. చప్పుడు లేదు. ఇంకో యాభై. వీధిలో ఎవరో కూరగాయల బేరం ఆడుతున్నారు. మెట్ల మీద ఒక పిల్లి పడుకుని ఉంది. పైన ఏమీ లేదు. అప్పుడు పూతక్క పరుగెత్తింది. చెప్పు ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. తలుపు రెండు చేతులతో బాదింది.

లోపల కర్ర చప్పుడు, కాళ్లీడుస్తున్న చప్పుడు. తలుపు తెరుచుకుంది. పెద్దావిడ చేతిలో టీ గ్లాసు ఉంది.

"ఏమైందమ్మాయ్? ఇల్లు కూలిపోయినట్టు బాదుతున్నావు?"

పూతక్క గోడకి చేరగిలబడింది. "పిన్నిగారూ, ఆ గదిలోకి వెళ్లకండి. ఆ పైకప్పు పడిపోతుంది."

పెద్దావిడ నవ్వింది. "నిన్నగాక మొన్న రంగు వేసి, ఏం ఫర్వాలేదని నువ్వే కదా అన్నావు? ఇంకా పదకొండు జతలున్నాయి. రేపిస్తానని మాటిచ్చాను. టీ తాగుతావా?" అంటూ వెనక్కి తిరిగి, కర్ర ఊతంతో స్టూలు వైపే నడిచింది.

తను చెప్పిన అబద్ధాన్నే ఆవిడ నమ్ముకుని వెళ్తోంది. ఆ నమ్మకాన్ని విరగ్గొట్టకుండా ఆపే దారి లేదు. పూతక్క వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"నేను అబద్ధం చెప్పాను పిన్నిగారూ. పై గదిలో పూత పూసింది నేనే. అది కారుతోంది. మీ నెత్తి మీద ఉన్నదంతా డొల్ల. మీ కాళ్లు పట్టుకుంటాను, రండి బయటికి."

ఆవిడ ముఖంలో నవ్వు నెమ్మదిగా పోయింది. ఇంకేం అడగకుండా వసారాలోకి వచ్చింది.

తర్వాత అన్నీ ఎంత తేలిగ్గా జరిగాయో చెప్తే మీకు ఒళ్లు మండుతుంది. పై అంతస్తుకి వెళ్లి చెబితే, ఇంటాయన ఆ క్షణమే గదికి నీళ్లు కట్టేసి, "అయ్యో, నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు. మేస్త్రి పావుగంటలో వచ్చాడు. ఇద్దరూ గోడవారనే నడిచి, కుట్టుమిషనూ, బట్టల మూటా ఒక్కొక్కటే లాగేశారు. స్టూలు మాత్రం సరిగ్గా మధ్యలో ఉంది, దాని జోలికి పోలేదు. మేస్త్రి గుమ్మంలో నిలబడి, పొడుగాటి ఇనప గొట్టం చివరతో ఆ తెల్లటి రంగు మీద ఒక్కసారి పొడిచాడు.

రెండోసారి పొడవాల్సిన అవసరం రాలేదు. తలుపు రెక్క అంత పెచ్చు ఒక్క ముక్కగా దిగింది. చప్పుడుకి కింది అంతస్తు వాళ్లు కేకలు పెడుతూ వీధిలోకి పరుగెత్తారు. దుమ్ము తగ్గాక చూస్తే స్టూలు లేదు, పుల్లలున్నాయి. పెద్దావిడ సగం కుట్టిన చొక్కా ఒకటి చేతిలో పట్టుకుని ఆ పుల్లల వంకే చూస్తూ ఉండిపోయింది. పూతక్క వసారా నేల మీద కూలబడి ఏడ్చింది.

అరగంటకి సరేసరే సారు వచ్చాడు. "సరే సరే, అయిందేదో అయింది. మనిషికేం కాలేదు, అదే పదివేలు" అన్నాడు. పూతక్క కవర్లోంచి ఫారం తీయడం చూసి, ఆవిడని మెట్ల దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"రాయి, రాయొద్దనను. లోపం ఏమిటి, బకెట్ల సంగతి, అన్నీ రాసుకో. 'ఎప్పుడు తెలిసింది' అన్నచోట మాత్రం ఇవాళ్టి తేదీ వెయ్యక్కా. ఇవాళ చూశావు, ఇవాళే చెప్పావు. నీ కార్డుకీ ఏం కాదు, నాకూ ఏం కాదు."

"సోమవారం రంగు డబ్బా ఇచ్చి పంపింది మీరే కదా సారూ."

"మచ్చ చెరపమన్నాను. పైకప్పు సంగతి నాకేం తెలుసు?"

"మంగళవారం ఫోన్లో చెప్పాను."

"ఫోన్లో సవాలక్ష అనుకుంటాం. కాగితం మీద ఏదుంటే అదే జరిగినట్టు. నీకు తెలీదా?"

తెలుసు. గీత మీద గీతలా ఉన్న నీళ్లని చూసి ఆవిడ పెట్టిన సంతకం కూడా కాగితం మీదే ఉంది. మేస్త్రి వైపు చూసింది. ఆయన కళ్లతోనే నీ ఇష్టం అన్నాడు, కానీ ఆ కళ్లు ఇవాళ్టి తేదీ వెయ్యమనే బతిమాలాయి. అందులో తప్పేముంది? మనిషి బతికింది. ఒక్క అంకె మారిస్తే అందరూ బతుకుతారు.

పూతక్క కలం మూత తీసింది. ఇవాళ్టి తేదీ వేస్తే, రేపట్నుంచి ఎవరో ఒకరు సోమవారం సంగతి తవ్వుతారని భయపడాలి. సారుకి భయపడాలి, ఫోనుకి భయపడాలి, ఈ మెట్లకి భయపడాలి. నాలుగు రోజులు ఆ మిషను చప్పుడు కింద నిలబడ్డందుకే ఆవిడ పని అయిపోయింది. ఆవిడ సోమవారం తేదీ వేసింది. ధైర్యం వచ్చి వెయ్యలేదు, అలా అని ఎవరైనా పొగిడితే నమ్మకండి. ఇంకా భయపడే ఓపిక లేక వేసింది.

సరేసరే సారు మొదటిసారి సరే అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

విచారణ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దానికోసం ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. ఫోను లెక్కల్లో మంగళవారం మాటలు తేలాయి. పదకొండో షరతు కొట్టేశారు. రెండిళ్లకీ బాగుచేయించే బాధ్యత కాంట్రాక్టరు మీదే పెట్టారు. పూత లోపం వరకు పూతక్కది, దాచిన నేరం ఆవిడదీ, సారుదీ అన్నారు. ఆవిడ కార్డు ఏడాది పాటు ఆపేశారు. ఆ ఏడాదీ మేస్త్రి ఊరవతల ఇటుకలు మోశాడు, ఆవిడ రెండిళ్లలో గిన్నెలు తోమింది. మొగుడూ పెళ్లాం ఒకర్నొకరు తప్పుపట్టుకోలేదు. చచ్చిపోతామేమో అనుకున్నారు గానీ చచ్చిపోలేదు.

ఆ రోజు మెట్ల దగ్గర మాత్రం ఇంకో సంతకం మిగిలే ఉంది. నష్టపోయినవాళ్లు కూడా చదివి సంతకం పెట్టాలని ఫారం అడుగున ఉంది. పూతక్క కాగితం తీసుకెళ్లి పెద్దావిడకి ఇచ్చింది. ఆవిడ మిషను సొరుగులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, వసారాలో నిలబడే, వేలు ఆనించుకుంటూ ఒక్కొక్క వరుసా చదివింది. బకెట్ల దగ్గర ఆగలేదు. పూత దగ్గర ఆగలేదు. తేదీ దగ్గర ఆ వేలు ఆగింది.

"సోమవారం అంటే నువ్వు రంగు వేసిన రోజు కదూ?"

"అవును పిన్నిగారూ."

"నిచ్చెన మీదున్నప్పుడు, ఫర్వాలేదంటావా అని నేనడిగితే..."

"అప్పటికే తెలుసు."

పెద్దావిడ గదిలోకి చూసింది. వేళ్ల మీద మెల్లగా లెక్కపెట్టుకుంది. మంగళవారం, బుధవారం, గురువారం. ఇవాళ పొద్దున. తర్వాత కలం అడిగి తీసుకుని, సంతకం పెట్టి, కాగితం తిరిగి ఇచ్చింది.

"నిజం రాశావు, మంచిదే" అంది. "ఇంకెప్పుడూ నన్ను పిన్నిగారూ అని మాత్రం పిలవకమ్మా."